నూట పదకొండు నిమిషాల దూరం

చిన్నకూతురు ఆదివారం పదింటికి ఫోన్ చేస్తుందంటే టైంకీపరు గారు తొమ్మిదింపావుకే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని కుర్చీలో కూర్చునేవారు. వీడియో కాదు, ఉత్త ఫోను. ఫోనులో గడ్డం కనబడదు నాన్నా అని పెద్దకూతురు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మిగతా వారమంతా ఆమె ఎదురుగా మాసిన గడ్డంతోనే తిరిగేవారు. ఆదివారం ఆ నున్నటి చెంపలు చూసినప్పుడల్లా పెద్దమ్మాయికి కడుపు మండిపోయేది. టీ గ్లాసు బల్లమీద కాస్త గట్టిగా పెట్టేది.

టైంకీపరు గారంటే బస్ స్టాండులో ముప్పై ఏళ్ళు బస్సుల రాకపోకలు రాసిన మనిషి. రిటైరై పదేళ్ళు దాటినా వీధిలో అందరికీ టైంకీపరు గారే. భార్య పోయాక పెద్దకూతురి దగ్గర ఉంటున్నారు. ఆర్నెల్ల కిందట వెన్నుపూసకి ఆపరేషన్ అయింది. మంచం మీంచి లేపి కూర్చోబెట్టడం, నడుముకి బెల్టు బిగించడం, స్నానాలగది దాకా భుజం పట్టి నడిపించడం, అన్నీ పెద్దమ్మాయే. చిన్నమ్మాయి వచ్చింది, నాలుగు రోజులుంది, ఒక వాచీ కొనిచ్చి వెళ్ళింది. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన చెయ్యి చాపి ఆ వాచీ చూపించేవారు. నడుముకున్న బెల్టు సంగతి ఒక్కళ్ళకీ చెప్పలేదు.

పెద్దమ్మాయి భర్తకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అన్నీ తేలిగ్గా తీసుకునే మనిషి. చెల్లెలి పేరెత్తితే నీకు జ్వరమొస్తుంది, కావాలంటే థర్మామీటరు పెట్టి చూసుకో అని వేళాకోళం చేసేవాడు. ఆమెకి నవ్వొచ్చేది కాదు, ఎందుకంటే అది నిజం.

ఈ జ్వరం ఇవాళ్టిది కాదు. చిన్నప్పుడు సెలవురోజుల్లో ఆయన ఇద్దర్నీ బస్ స్టాండుకి తీసుకెళ్ళేవారు. చిన్నదాన్ని బల్ల మీద కూర్చోబెట్టి ఈల చేతికిచ్చేవారు. అది బుగ్గలు ఉబ్బించి ఊదితే అంత బస్సూ కదిలి వెళ్ళిపోయేది. డ్రైవర్లు పగలబడి నవ్వేవాళ్ళు, ఈలపాప అని పేరు కూడా పెట్టారు. పెద్దదానికి రిజిస్టరు. బస్సు నంబరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము, ఆలస్యమైతే చివరి గడిలో కారణం. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ పెద్ద పుస్తకం మీదికి వంగి రాస్తుంటే ఒక్కడూ నవ్వలేదు, పేరూ పెట్టలేదు. అంకె తప్పుపడితే రబ్బరు పెట్టి చెరపకూడదు. కింద ఉన్నది కనబడేలా ఒక్క గీత గీసి, పైన సరైనది రాసి, పక్కన సంతకం పెట్టి, కారణం రాయాలి. ఆ పద్ధతి ఆమెకి గుణింతాలతో పాటే వంటబట్టింది. ఒక్కసారంటే ఒక్కసారి ఈల ఊదుతానని అడిగితే, నీకు రాసే పనుంది కదమ్మా అన్నారాయన. నలభై రెండేళ్ళు వచ్చినా ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

తమాషా ఏమిటంటే ఆ రాసే పనే చివరికి ఆమెకి ఉద్యోగమైంది. ఆమె పనిచేసే చిన్న ఆఫీసు ప్రయాణాల వెబ్‌సైటు ఒకటి నడుపుతుంది. ఏ రెండు ఊళ్ళ పేర్లు కొట్టినా వాటి మధ్య గాలిదూరమెంతో, విమానంలో ఎంతసేపు పడుతుందో చెప్పే పేజీ వస్తుంది. ప్రతి ఊరి అక్షాంశమూ రేఖాంశమూ ఒక పట్టికలో ఉంటాయి. వాటిని సరిచూసి ఎక్కించడం ఆమె పని. ఆ తర్వాత కంప్యూటరు తిన్నగా గీత గీసి, గంటకి ఎనిమిది వందల కిలోమీటర్ల చొప్పున కట్టి, ఎక్కడానికీ దిగడానికీ కలిపి అరగంట వేసి చెబుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే టైంకీపరు గారు ఇవాళ ఎన్ని రూట్లు వేశావని అడిగేవారు. ఆమె చెప్పేది. ఆయన తలూపేవారు. ఆ తండ్రీకూతుళ్ళ కబుర్లు అక్కడితో సరి.

నాలుగు నెలల కిందట చిన్నమ్మాయికి కొత్త ఊరికి బదిలీ అయింది. అక్కడ ఇల్లు తీసుకుని, నాన్నా మూడు నెలలు మా దగ్గర ఉండు అని మొదలుపెట్టింది. గాలి మంచిది, గది పెద్దది అంటే ఆయన ఊఁ కొట్టి ఊరుకున్నారు. ఒక ఆదివారం మాత్రం అసలు మాట వదిలింది. నీ గదికి బాల్కనీ ఉంది నాన్నా, బాల్కనీకి ఎదురుగా బస్సు డిపో ఉంది, అయిదు నిమిషాలకో బస్సు బయటికొస్తుంది అంది. టైంకీపరు గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. ఎన్ని ప్లాట్‌ఫారాలు అని అడిగారు. పన్నెండని చెప్పింది.

వంటగదిలో ఉన్న పెద్దమ్మాయి చేతిలో గరిటె ఆగిపోయింది. మూడు నెలలట. డిపో ఎదురుగా కూర్చున్న మనిషి మూడు నెలల్లో లేచి వస్తాడా? తన ఇంటి కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ కనబడదు. చేసిందంతా తను, చివరికి ఒక్క బాల్కనీతో నాన్నని ఎగరేసుకుపోతుంది ఈలపాప.

అడ్డంకి ఒక్కటే. ఒక్క బిగిన రెండు గంటలకి మించి కూర్చోవద్దన్నాడు డాక్టరు. విమానంలో లేచి తిరుగుతారేమో, కుదుపొస్తే పడతారు, ఆ పని చెయ్యొద్దన్నాడు. రైల్లో రాత్రీ పగలూ కుదుపులంటే అసలే వద్దన్నాడు. చిన్నమ్మాయిని అడిగితే ఓ రెండు గంటలు నాన్నా, అటూ ఇటూగా అంది. అటా, ఇటా అని ఆయన గుచ్చి అడిగారు. అది నవ్వేసింది. ఫోను పెట్టేశాక టైంకీపరు గారు పెద్దకూతుర్ని పిలిచి, "నువ్వు లెక్క కట్టి కాగితం మీద తీసుకురా. నోటిమాట నాకొద్దు" అన్నారు. అని, మంచం కింద ఉన్న పాత పెట్టె బయటికి లాగించి, మూడు చొక్కాలు మడతపెట్టి అందులో వేసుకున్నారు కూడా.

మర్నాడు ఆఫీసులో అందరూ భోజనాలకి వెళ్ళాక ఆమె రెండు ఊళ్ళ పేర్లూ కొట్టింది. వెయ్యిన్నీ ఎనభై కిలోమీటర్లు. గంటా యాభైఒక్క నిమిషం. అంటే నూట పదకొండు నిమిషాలు. డాక్టరు ఇచ్చిన గడువుకి తొమ్మిది నిమిషాలు తక్కువ. ఆ తొమ్మిది నిమిషాల సందులోంచి నాన్న జారిపోతారన్నమాట. ఆమె చాలాసేపు ఆ అంకెను చూస్తూ కూర్చుంది. తర్వాత పట్టిక తెరిచి, చెల్లెలి ఊరు వరుసలో రేఖాంశం పదుల స్థానంలో ఉన్న ఏడుని ఆరు చేసింది.

రెండు వేల నూట యాభైఅయిదు కిలోమీటర్లు. మూడు గంటల పన్నెండు నిమిషాలు. పేజీలోని పటంలో చెల్లెలి ఊరిని చూపించే ఎర్రచుక్క లేచి వెళ్ళి నడిసముద్రంలో పడింది. బాల్కనీ, డిపో, పన్నెండు ప్లాట్‌ఫారాలు, అన్నీ నీళ్ళపాలు. పెద్దమ్మాయికి ప్రాణం హాయిగా ఉంది. అబద్ధమెందుకు, చాలా ఏళ్ళ తర్వాత అంత హాయిగా ఉంది. కాగితం అచ్చు తీసుకుని సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం టైంకీపరు గారు కళ్ళజోడు పెట్టుకుని, వేలుపెట్టి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. తలెత్తి ఒకే మాట అడిగారు.

"సరిచూశావా?"

రిజిస్టరు రోజుల్లో పేజీ తిప్పే ముందు అడిగే మాట అది. ఆమె "చూశాను నాన్నా" అంది. అయితే అంతే అన్నారాయన. ఇంకో ప్రశ్న లేదు. పెట్టెలోంచి మూడు చొక్కాలూ తీసి కొక్కేలకి తగిలించారు. కాగితాన్ని క్యాలెండరు పక్కన గోడకి పిన్నులతో గుచ్చారు. నిర్ణయం చెప్పే కాగితం అందరి కళ్ళకీ ఆనేలా పెట్టడం ఆయన అలవాటు.

ఆఫీసులో సంగతి రెండు రోజుల్లో తేలిపోయింది. ఈ ఊరికి ఓడలో వెళ్ళాలా అని ఎవరో వెటకారంగా ఉత్తరం రాస్తే, ఆఫీసు పెద్దాయన ఆమెను పిలిచి, ఊరు సముద్రంలో పడిందేమిటని అడిగాడు. అంకె జారింది సార్ అంది. ఆరుని మళ్ళీ ఏడు చేసింది. ఊరు నేలకెక్కింది. అంతటికీ అరనిమిషం పట్టింది. పెద్దాయన చిరాకు పడ్డాడు కానీ ఏమీ అనలేదు, పదకొండేళ్ళలో ఆమెది అదే మొదటి తప్పు. గోడ మీది కాగితం మాత్రం గోడ మీదే ఉంది.

ఆ ఆదివారం ఫోనొస్తే ఆయన ముక్తసరిగా, కూర్చునే టైము ఎక్కువమ్మా, కుదరదు అని చెప్పి పెట్టేశారు. మనసు కష్టపెట్టుకునే విషయాలు ఆయన ఎప్పుడూ పొడిగించరు. చిన్నమ్మాయి అలిగింది. పై ఆదివారం ఫోను రాలేదు. అయినా ఆయన గడ్డం గీసుకుని పన్నెండు దాకా కూర్చున్నారు. ఆ పై ఆదివారం గీసుకోలేదు.

ఇదేగా కావలసింది. ఇన్నేళ్ళూ ఏ చెంపల్ని చూసి కుళ్ళిపోయిందో ఆ చెంపలిప్పుడు తెల్లటి గడ్డంతో ఆమెకే మిగిలాయి. తీరా చూస్తే ఇల్లంతా బోసిగా ఉంది. ఇవాళ ఎన్ని రూట్లు అని కూడా ఆయన అడగడం మానేశారు. ఆ ఆదివారం పదింటికి ఆమె వేడినీళ్ళు తెచ్చిపెట్టి, గడ్డం గీసుకోండి నాన్నా అంది.

"ఎవరికమ్మా?" అన్నారాయన.

ఆయన ఆ మాట మామూలుగానే అన్నారు, ఆమెకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. నేనున్నానుగా అని నోటిదాకా వచ్చి ఆగింది. నీళ్ళు చల్లారిపోయాక తీసుకెళ్ళి పారబోసింది.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. తీస్తే గుమ్మంలో చిన్నమ్మాయి, చేతిలో బ్యాగుతో. పది రోజులు సెలవు పెట్టి వచ్చాననీ, అక్కా ముందు టీ పెట్టమనీ చెబుతూనే లోపలికి దూసుకొచ్చింది. తండ్రి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. నడుము వల్ల రానన్నావా, నేనంటే ఇష్టం లేక రానన్నావా, మొహం చూసి చెప్పు అని నిలదీసింది. టైంకీపరు గారి మొహం విప్పారింది కానీ జవాబుగా వేలు మాత్రం గోడవైపు చూపించారు.

అది లేచి వెళ్ళి కాగితం చదివి, పకపకా నవ్వింది. వంటగదిలో పెద్దమ్మాయికి ఆ నవ్వు వినబడింది. పాలు పొంగుతున్నా చెయ్యి కదల్లేదు.

"మూడు గంటల పన్నెండా? నేనిప్పుడే దిగి వస్తున్నాను నాన్నా. గాల్లో ఉన్నది గంటా యాభై నిమిషాలు."

"వాచీ సరిగ్గా చూసుకున్నావా?" అన్నారు టైంకీపరు గారు.

చిన్నమ్మాయి బ్యాగు వెతికి టికెట్టు తీసి ఒళ్ళో పెట్టింది. ఆయన దాన్ని చదవనైనా చదవలేదు. టికెట్లమ్మేవాళ్ళు టైములు అలాగే వేస్తారన్నారు. బస్సులకీ వేసేవాళ్ళు, ముప్పై ఏళ్ళు చూశానన్నారు. గాలి వాటం కలిసొచ్చి నీ విమానం ఒక్కరోజు ముందొచ్చినంత మాత్రాన రూటు టైము మారిపోదన్నారు. విమానం గంటాఇరవై ముందు రావడమేమిటి, నీకు మతి పోయిందా అని చిన్నమ్మాయి నెత్తి కొట్టుకుంది.

"ఇది అక్క రాసిన కాగితమమ్మా. సరిచూశావా అన్నాను, చూశానంది" అన్నారాయన. ఆయన దృష్టిలో వాదన అక్కడితో అయిపోయింది.

పెద్దమ్మాయి టీ గ్లాసులు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడిపోయింది. కళ్ళెదురుగా విమానం దిగి వచ్చిన మనిషిని కాదని, టికెట్టుని కాదని, తండ్రి తన కాగితాన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఇంతటి నమ్మకం ఈ ఇంట్లో తనకి ఉన్నట్టు ఆమెకి ఇన్నేళ్ళూ తెలియదు. తెలిసిన రోజు ఇదా అనిపించింది.

ఈలోగా చిన్నమ్మాయికి నవ్వు పోయి ఉక్రోషం వచ్చింది.

"చిన్నప్పట్నుంచీ ఇంతే. నేను చెప్పింది గాలికి పోతుంది, అక్క రాసింది మాత్రం శిలాశాసనం. ఈల నా చేతిలో పెట్టి నా నోరు మూశావు. ఒక్కరోజైనా ఆ రిజిస్టరు నన్ను ముట్టుకోనిచ్చావా?"

టైంకీపరు గారు ఆశ్చర్యంగా చూశారు. ఈ ఫిర్యాదు ఇంతకాలం ఎక్కడుందో ఆయనకి అర్థం కాలేదు.

"నువ్వు ఈల ఊదినా ఊదకపోయినా బస్సు వెళ్ళేదమ్మా. డ్రైవరు నా చెయ్యి చూసి తీసేవాడు. రిజిస్టరు అలా కాదు. అందులో అంకె తప్పయితే నా ఉద్యోగం పోతుంది. అందుకే అక్క చేతికిచ్చాను."

పెద్దమ్మాయి గ్లాసులు బల్ల మీద పెట్టింది. ఈసారి చప్పుడు కాలేదు. ముప్పై మూడేళ్ళు తను ఈల కోసం ఏడ్చింది, అది రిజిస్టరు కోసం ఏడ్చింది. ఈ అబద్ధం ఇంకొక్క పూట నిలిచినా ఆ రిజిస్టరు మొత్తం అబద్ధమైపోతుందని ఆమెకి భయమేసింది. కిటికీ దగ్గరున్న పెన్ను తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. మూడు గంటల పన్నెండు నిమిషాలు అన్న చోట, కింద అంకె కనబడేలా ఒక్క గీత గీసింది. పైన, గంటా యాభైఒక్క నిమిషం అని రాసింది. పక్కన సంతకం పెట్టింది. పిన్నులు తీసి కాగితం తండ్రి చేతికిచ్చింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. గీత చూశారు, అంకె చూశారు, సంతకం చూశారు.

"కారణం రాయలేదు" అన్నారు.

అంకె జారిందని రాయొచ్చు. ఆఫీసు పెద్దాయన నమ్మాడు, ఈయన ఇంకా సులువుగా నమ్ముతారు. ఆమె కాగితం తీసుకుని, ఆయన కుర్చీ చేతి మీదే ఆనించి, చివర్న ఒక్క మాట రాసింది. కుళ్ళు. రాసి, తల దించుకుని నిలబడింది. కళ్ళనీళ్ళు ఆ మాట మీద పడతాయేమోనని కాస్త వెనక్కి జరిగింది.

టైంకీపరు గారు చదివారు. చిన్నమ్మాయి ఏమిటేమిటని మెడ చాపి చూడబోతే అరచెయ్యి అడ్డం పెట్టారు. "ఇది రిజిస్టరు. ఇతరులు చూడకూడదు" అన్నారు. పెన్ను అడిగి, పెద్దకూతురి సంతకం కింద, ఏ దిద్దుబాటుకైనా పెట్టినట్టే, తన పొడి అక్షరాలు పెట్టారు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. చిన్నమ్మాయి ఇద్దరి మొహాలూ చూసి, ఏమనుకుందో, ఇంక అడగలేదు.

కాసేపటికి ఆయన చిన్నకూతురి వైపు తిరిగి, పది రోజుల తర్వాత నువ్వెళ్ళే విమానంలో నాకూ సీటుందేమో చూడమ్మా అన్నారు. అది చంకలు గుద్దుకుంటూ ఫోను తీసి, సీటుంది నాన్నా, పొద్దున్న పదిన్నరకి విమానం అంది. ఇంత చేసినా పెద్దమ్మాయికి మంట చల్లారలేదు. అదే చోట, అలాగే ఉంది. ఇంటి నుంచి ఎన్నింటికి బయల్దేరాలి అని ఆయన ఆమెనే అడిగారు. ఓ రెండు గంటలు ముందు చాలు నాన్నా అని చిన్నమ్మాయి అందుకోబోతే, నిన్ను కాదు అన్నారు.

పెద్దమ్మాయి మనసులో లెక్క కట్టింది. విమానం పదిన్నరకి. దారిలో నలభై నిమిషాలు, లోపల గంటన్నర, ఆయన నడకకి ఇరవై. ఎనిమిదింటికి బయల్దేరాలి నాన్నా అంది. నిమిషం కలపలేదు, నిమిషం తీయలేదు.

"సరిచూశావా?"

"చూశాను."

ఆయన తలూపి, కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచారు. బెల్టు సర్దడానికి ఆమె దగ్గరికి వస్తే, ఆ భుజం పట్టుకుని నిలబడి, చిన్నకూతురికి వినబడకుండా అన్నారు.

"ఆదివారం పదింటికి ఫోన్ చెయ్యి. గడ్డం గీసుకుని కూర్చుంటాను."